‘వ్యాట్4’ సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఆంధ్రదేశంలో 2005 ఏప్రిల్ 1న వ్యాట్ అమల్లోకి వచ్చింది. అప్పట్లో కొన్ని సరుకులకు నూటికి 4, ఏ షెడ్యూల్లోనూ పేరు లేని సరుకులకు నూటికి 12.5. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు లెక్కలు చూసే కుర్రవాడు బిల్లు బిల్లుకీ క్యాలిక్యులేటర్ నొక్కలేక విసిగి, ఎక్సెల్ 2003లో ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి, విజువల్ బేసిక్ తెరిచి, సొంతంగా ఒక ఫంక్షన్ కట్టుకున్నాడు. ఆ తర్వాత దుబాయి వెళ్ళిపోయాడు. సూత్రకారుడి జీవిత విశేషాలు ఇంతకుమించి లభించడం లేదు.

మూలం:

=వ్యాట్4(సి7)

ప్రతిపదార్థం: ‘=’ = ఇది ఊరకే రాసిన రాత గాదు, లెక్క అని తెలుపు గుర్తు; వ్యాట్4 = వెల మీద నూటికి నాలుగు వంతున పన్ను కట్టి చెప్పునట్టి ఫంక్షను; ‘(’ = దేని మీద కట్టవలెనో ఇక చెప్పబోవుచున్నామనుట; సి7 = ‘సి’ యను నిలువు వరుసలో ఏడవదైన గడియందలి వెల; ‘)’ = చెప్పుట ముగిసినదనుట (దీనిని మరచి ఎంటర్ కొట్టినను ఎక్సెల్ తానే పూరించును; సూత్రకారునిపై దానికిగల దయ ఇంతవరకే).

తాత్పర్యం: ఓ ఎక్సెలూ! సి7లోని వెలకు నూటికి నాలుగు చొప్పున పన్ను ఎంతయో లెక్కగట్టి ఈ గడియందు చూపుము, అని భావము.

ఇంతవరకు పండితుల్లో వివాదం లేదు. వివాదం ఎక్సెల్ 2007తో వచ్చింది.

విశేషాంశం: 2003 దాకా షీటులో నిలువు వరుసలు 256. చివరి వరుస పేరు ‘ఐవి’. అంటే వరుస పేరు ఎంత పెద్దదైనా రెండక్షరాలే. 2007లో వరుసలు ఒక్కసారిగా 16,384 అయ్యాయి, పేర్లు మూడక్షరాలకు పెరిగి ‘ఎక్స్‌ఎఫ్‌డి’ దగ్గర ఆగాయి. మన వి, ఏ, టి ఆ మధ్యలో పడ్డాయి. కూడి చూసుకుంటే అది 14,918వ నిలువు వరుస. కాబట్టి కొత్త రకం ఫైలులో ‘వ్యాట్4’ అంటే పన్ను కాదు, ఆ వరుసలో నాలుగో గడి. దాని పక్కన కుండలీకరణం పెట్టి సి7 అందిస్తే వచ్చే జవాబు #రెఫ్!.

శంక: పక్కన కుండలీకరణం ఉంది కదా, గడికి ఎవరైనా వెలను అందిస్తారా? సందర్భాన్ని బట్టి ఫంక్షన్ అని గ్రహించవచ్చు కదా?

సమాధానం: ఆలంకారికులు ఆ పని చేస్తారు. సైంధవం తెమ్మంటే భోజనం వేళ ఉప్పు, ప్రయాణం వేళ గుర్రం. ఎక్సెల్ విస్తరి ముందుకు గుర్రాన్ని తోలుకొస్తుంది.

మెదక్ ప్రాంతపు కొల్చారం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మహానుభావుడు. ఆయనకైనా పాఠభేదం అంటే అక్షరం మారడమే. ఇక్కడ ఒక్క అక్షరం మారలేదు, చదివే ఎక్సెల్ మారింది, అర్థం పన్ను నుంచి గడికి పోయింది. పోనీ, తప్పు వెంటనే బయటపడిందా అంటే అదీ లేదు. పాత ఫైలును 2007లో తెరిస్తే పైన ‘కంపాటిబిలిటీ మోడ్’ అని రాసి, లోపల పాత 256 వరుసల షీటునే పరుస్తుంది. సూత్రం నిక్షేపంగా పలుకుతుంది. దాన్ని కొత్త రకంలోకి మార్చుకున్న రోజునే కథ మొదలు.

“ఏమ్మా, నిన్నటిదాకా బాగానే వచ్చిందిగా?”

“ఫైలు అదేనండీ. కొత్తదాంట్లోకి మార్చాం.”

పాఠాంతరాలు: కుర్రవాడి తర్వాత వచ్చిన అమ్మాయి మధ్యలో ఒక అడుగుగీత పెట్టి ‘వ్యాట్_4’ అని సవరించింది. ఇది సాధుపాఠం. గడి పేర్లలో అడుగుగీత ఉండదు గనక దీన్ని ఎవరూ వరుస అని భ్రమపడరు. అయితే ఫైలును మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేసేటప్పుడు, ఇందులో మాక్రోలు నిలవవు, ఫరవాలేదా అని ఎక్సెల్ అడిగింది. ‘ఎస్’ అన్నారు. అడిగినదానికల్లా ఎస్ అనడం మన ఆఫీసుల్లో సదాచారం. మర్నాడు తెరిస్తే ప్రతి గడిలో #నేమ్?. రెండు తప్పులకూ భేదం గమనించాలి. #రెఫ్! అంటే నువ్వు చూపించిన చోటు చెల్లదని. #నేమ్? అంటే ఆ పేరుగలవారు ఇక్కడెవరూ లేరని. మొదటిది అపార్థం, రెండోది అపరిచయం.

పర్సనల్ వర్క్‌బుక్‌లో దాచుకున్నవారి ప్రతి ఇంకొక తీరు. వారి కంప్యూటర్లో ముచ్చటగా పనిచేసే సూత్రం, పక్కవారి కంప్యూటర్లో తెరవగానే ముందు ఒక దండకాన్ని తగిలించుకుంటుంది: సి డ్రైవు, యూజర్స్, ఫలానావారి పేరు, ఎక్స్‌ఎల్‌స్టార్ట్ ఫోల్డరు, అలా గోత్రనామాలన్నీ. అసలు వ్యక్తి మాత్రం రాడు. ఇక 2022 నుంచి మెయిల్లో వచ్చిన ఫైళ్ళలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. అది మంచిదే. వైరస్‌లు ఆ దారినే వచ్చేవి. కాకపోతే ఆ దారినే మన సూత్రం కూడా వచ్చేది.

లిబ్రెఆఫీస్ సంప్రదాయంలో ఒక చమత్కారం ఉంది. అక్కడ చాలాకాలం నిలువు వరుసలు 1,024 మాత్రమే, ‘ఏఎమ్‌జె’తో సరి. వి, ఏ, టి దాకా వెళ్ళేవే కావు. 2022 ఆగస్టులో వచ్చిన 7.4లో ఆ సంఖ్య 16,384 అయింది. ఎక్సెల్‌లో 2007లో జరిగిన గ్రహణం అక్కడ పదిహేనేళ్ళు ఆలస్యంగా పట్టింది. గూగుల్ షీట్లలో విజువల్ బేసిక్ చెల్లదు, ఫంక్షన్‌ను జావాస్క్రిప్ట్‌లో మళ్ళీ రాసుకోవచ్చు.

నవీనులు లాంబ్డా పాఠాన్ని మెచ్చుకుంటారు. =లాంబ్డా(వెల, వెల*4/100) అని రాసి నేమ్ మేనేజర్‌లో పేరు పెడితే చాలు, మాక్రో అక్కర్లేదు, సూత్రం ఫైలుతోపాటే ప్రయాణం చేస్తుంది. వ్యాఖ్యాతకూ ఇదే ఇష్టం. కానీ అది 365లోనూ 2024లోనూ ఉంది, 2021లో లేదు. పాతదాంట్లో తెరిస్తే లాంబ్డా ముందు ‘_ఎక్స్‌ఎల్‌ఎఫ్‌ఎన్.’ అనే ఉపసర్గ మొలుస్తుంది. ఇది నా తర్వాత పుట్టినది, నాకు తెలియదు, అని దాని అర్థం. ఇంత నిజాయితీ గల అక్షరాలు ఎక్సెల్‌లో మరెక్కడా లేవు.

ఇప్పుడు సూత్రకారుడి స్వకీయ భాష్యం. ఇది షీటులో కనబడదు, ఆల్ట్-ఎఫ్11 చాటున ఉంటుంది:

ఫంక్షన్ వ్యాట్4(వెల)
వ్యాట్4 = రౌండ్(వెల * 4 / 100)
ఎండ్ ఫంక్షన్

శంక: 62 రూపాయల 50 పైసలకు నూటికి 4 చొప్పున రెండున్నర. రూపాయికి సవరిస్తే 3 రావాలి. సూత్రం 2 చూపుతున్నదే?

సమాధానం: షీటులోని రౌండ్ వేరు, విజువల్ బేసిక్‌లోని రౌండ్ వేరు. పేరొకటే, ఇల్లొకటే, పద్ధతులు రెండు. షీటులోనిది అర్ధాన్ని పైకి నెడుతుంది. లోపలిది సరిసంఖ్య ఎటుంటే అటు మొగ్గుతుంది: రెండున్నర 2 అవుతుంది, మూడున్నర 4 అవుతుంది. బిల్లులో ఒకటి, రిజిస్టర్‌లో ఒకటి వచ్చి, ఆ రూపాయి కోసం రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చున్నవారికి ఈ భేదం బోధపడినంతగా శాస్త్రజ్ఞులకు బోధపడదు.

ఇక మిగిలింది పన్ను రేటు. ఆ 4 కాలక్రమాన 5 అయింది. పేరు మార్చాలంటే వందల గడులు తిరగాలి గనక, చాటున ఉన్న భాష్యంలో 4 కొట్టేసి 5 రాశారు. పేరు వ్యాట్4, ఫలం నూటికి ఐదు. అయినా పాత బిల్లుల అంకెలు కదల్లేదు. ఎందుకంటే సొంత ఫంక్షన్‌ను ఎక్సెల్ ఊరికే మళ్ళీ లెక్కించదు, దానికి అందించిన గడి మారితేనే లెక్కిస్తుంది. 2005 నాటి పన్నులు నూటికి నాలుగుగానే, గూట్లో కూర్చున్నట్టు కూర్చున్నాయి.

కొట్టులో కొత్త ఎక్సెల్ వేసేదాకా. పాత వెర్షన్ సేవ్ చేసిన ఫైలును కొత్త వెర్షన్ తొలిసారి తెరిచినప్పుడు, ఎవరినీ అడగకుండా మొత్తం మొదటినుంచి లెక్కిస్తుంది. ఆడిటరుగారి కోసం పాత సంవత్సరం ఫైలు తెరిచారు, పైకీ కిందికీ చూశారు, ఏ గడినీ ముట్టుకోలేదు. మూసేటప్పుడు ‘మార్పులు సేవ్ చేయమంటారా?’ అని అడిగింది.

శంక: నేనేమీ మార్చలేదే, ఏ మార్పులు?

సమాధానం: నాలుగు శాతం పన్నులన్నీ ఐదు శాతం అయిపోయాయి. ఇక్కడ సదాచారాన్ని పక్కనపెట్టి ‘నో’ నొక్కవలెను.