ఖరగ్‌పూర్ తెలుగు బడి: వినకూడని సలహాలు

"తెలుగు అధికార భాష అయింది కదా, ఇక బడి సంగతి సర్కారే చూసుకుంటుంది." మన ఊళ్లో చెప్పుకునే సలహాల్లో అన్నిటికంటే చెడ్డది ఇదే. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు ఆ హోదా ఇవ్వాలని నిర్ణయించింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఇక్కడ ఒళ్లు వంచి పనిచేసిన శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలకు అది దక్కాల్సిన గౌరవమే. కానీ అధికార భాషా చట్టం ఆఫీసు కాగితాల కోసం చేసింది. తెలుగు మాస్టారు రిటైరైతే ఆ ఖాళీని అది నింపదు. పోస్టు మంజూరుకు ఒక ఫైలు, భర్తీకి ఇంకొకటి, పుస్తకాలకు మరొకటి కదలాలి.

"మంత్రిగారికి శాలువా కప్పండి, పనులు వాటంతటవే అవుతాయి." కప్పండి, తప్పులేదు. ఏ తరగతిలో ఎంతమంది పిల్లలున్నారో, ఎంతమంది టీచర్లు తక్కువో రాసిన కాగితం కూడా ఆ చేతికే ఇవ్వండి.

"అడ్మిషన్ ఫారంలో మాతృభాష దగ్గర హిందీ అని రాసేయండి, గొడవుండదు." ఈ మాట వింటే నాకు కడుపు మండుతుంది. ఇంట్లో అమ్మమ్మతో తెలుగే మాట్లాడే పిల్ల, ఆ ఒక్క గడితో కాగితం మీద హిందీ పిల్ల అయిపోతుంది. రేపు తెలుగు టీచరు కావాలని అడిగితే "పిల్లలేరీ?" అంటారు. రిజిస్టరు చూపించి మరీ అంటారు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించడానికి రాష్ట్రం ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. ఆ మాతృభాష ఏదో మనమే దాచేస్తే ఎవరిని నిలదీస్తాం? 2027 జనగణనకు మనిషి ఇంటికొచ్చినప్పుడూ తెలుగు అనే చెప్పండి.

"రైల్వే బడి ఉందిగా, దిగులెందుకు?" రైల్వే బళ్లు రైల్వేవి. కోల్‌కతాలో మంత్రివర్గం ఏం నిర్ణయించినా వాటికి టీచర్లను వేయాల్సింది ఆగ్నేయ రైల్వేయే. అక్కడికి వేరే అర్జీ పెట్టాలి.

"తెలుగు ఇంట్లో నేర్పుకుంటే చాలు." ఇంట్లో మాట వస్తుంది, రాత రాదు. పదో తరగతి మాధ్యమిక్ పరీక్షలో మొదటి భాషగా తెలుగు తీసుకునే వీలుంది. ఆ వీలు వాడుకోవాలంటే ఒకటో తరగతి నుంచే పలక మీద అక్షరాలు దిద్దించే మనిషి బళ్లో ఉండాలి.

కాబట్టి నలుగురు తల్లిదండ్రులు కలిసి మేదినీపూర్‌లోని జిల్లా పాఠశాలల ఇన్‌స్పెక్టర్ (డీఐ) ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు. ఖరగ్‌పూర్‌లో మంజూరైన తెలుగు టీచరు పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఈ ఏడాది తెలుగు పుస్తకాలు ఏ తేదీన అందాయి అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చేయండి. దరఖాస్తు నకలు, రసీదు మాత్రం పారేయకండి.