ఎర్తు లేని మామ

మా అనంతపురం పల్లెల్లో ఏ ఊరికి పోయినా ఒక మామ ఉంటాడు. నీళ్ళ కోసం వెయ్యి అడుగుల బోరు వేయించి, దుమ్ము తప్ప ఏమీ రాకపోతే తుండుగుడ్డ దులుపుకుని ఇంకో పాయింటు పెట్టించే మొండి ఘటం. అదే మనిషిని ఆరడుగుల ఎర్తు రాడ్డు దిగ్గొట్టమనండి, ప్రాణం మీదికొస్తుంది. "భూమిలో పెట్టిన దుడ్డు యాడ తిరిగొచ్చిందప్పా ఇంతవరకు?" అంటాడు. దీనికి నా దగ్గరైతే జవాబు లేదు.

మామకు శత్రువులు ఇద్దరు. అడవి పంది రాత్రికి రాత్రి బుడ్డల చేను దున్నిపోతుంది. మడక కూలి అడగదు, అదొక్కటే నయం. కృష్ణజింక సంగతి వేరు, అది రాష్ట్ర జంతువు. మనం దాని మీద చెయ్యేస్తే కేసు, అది మన చేలో మూతి పెడితే కేసు లేదు. లైను నుంచి కంచెకు నేరుగా తీగ లాగే బుద్ధి మాత్రం మామకు పుట్టలేదు. అట్లాంటి కంచెలు పందుల్నే కాదు, మనుషుల్నీ తిన్నాయి. మర్యాదగా సోలార్ జట్కా మిషన్ తెచ్చుకున్నాడు. దాని దెబ్బ సెకనుకొకటి; వేల వోల్టులే గానీ, సెకనులో వెయ్యో వంతు కూడా నిలవదు. చురుక్కుమంటుంది, చంపదు.

నేను పోయేసరికి మిషన్‌కు పసుపు, కుంకుమ, నిమ్మకాయ, తాళం అన్నీ ఉన్నాయి. "ఇను అల్లుడా, గుండెకాయ మాదిరి కొట్టుకుంటాంది!" టిక్కు, టిక్కు. అవతల ఒక మేకపోతు తీగల మధ్య తల దూర్చి, తడి ముక్కు తీగకానించి, తీరుబడిగా అలసంద ఆకు నములుతోంది.

"ఎర్తు ఏది మామా?"

చూపించాడు. శ్లాబుకు మిగిలిన కమ్మీ ముక్క, జానెడు లోపల, మూరెడు బయట. తుప్పు పట్టకుండా నీలం రంగు పూసి, ఆ రంగు మీదే తీగ నాలుగు చుట్లు చుట్టాడు. కరెంటు తిరిగొచ్చే ఒక్క దారికీ పెయింటుతో తలుపేసిన మనిషిని అప్పుడే చూశాను.

తెలియక కాదు. ఒకప్పుడు కొట్టంలో ఒక తీగను భూమిలో గుచ్చి బల్బు వెలిగించినవాడే. బల్బు మసకబారితే ఉప్పునీళ్ళు పోసినవాడే. ఇప్పటికీ ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తు గుంతలో బిందె కుమ్మరించి వస్తాడు. "అది కరెంటోళ్ళది, ఇది బ్యాటరీది" అంటాడంతే. దెబ్బ తీగలో నుంచి మూతికి, మూతి నుంచి గిట్టలకు, గిట్టల నుంచి మట్టిలోకి, మట్టిలో నుంచి రాడ్డు పట్టుకుని మిషన్‌కు చేరాలి. ఎండిన ఎర్రమట్టిలో, గులకరాళ్ళలో ఆ బాట తెగిపోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట మామ కంచెది వినాయకచవితి ఉద్యోగం: నేల తడిసిన నాలుగు రోజులు పంది అరుస్తుంది, ఆ తర్వాత నవ్వుతుంది. మామేమో మిషన్‌లో దమ్ము లేదని పెద్దది కొనే ఆలోచనలో ఉన్నాడు.

ఆ డబ్బులోంచే మూడు జీఐ రాడ్లు కొనిపించాను. పదేసి అడుగుల ఎడంలో, ఆరేసి అడుగుల లోతున దింపి, క్లాంపులు బిగించాం. కంచెలో ఒక తీగ విడిచి ఒక తీగ రాడ్లకు కలిపాం. పంది రెండూ తాకితే నేల తడితో పనే లేదు. గుంతల్లో బొగ్గు వేశాం. ఉప్పు రాడ్డును తినేస్తుంది, పిడికెడు చాలన్నాను. మామ మూటే పోశాడు, పప్పులోకి కూడా అంత ధారాళంగా వెయ్యడు. పైన రెండు బిందెల నీళ్ళు.

మొదటి దెబ్బ మామకే తగిలింది, వట్టికాళ్ళతో తడిలో నిలబడి తీగ సర్దుతుంటే. "పన్జేస్తాంది!" అని ఎగిరి గంతేశాడు. ఆ సాయంత్రం టీ బంకు దగ్గర పదిమందికి మోచెయ్యి చూపించాడు, అక్కడేమీ లేకపోయినా.

మర్నాడు పొద్దున పక్క చేను ఆసామి బండి ఆపి, గుంతల దగ్గర తడి చూసి నోరెళ్ళబెట్టాడు.

"నీళ్ళు పడినాయా మామా? ఎన్నడుగులకు?"

"ఆరడుగులకే" అన్నాడు మామ.