మార్కాపురం పలక, కోబ్లెంట్స్ కిటికీ

శంషాబాద్‌లో నన్ను ఆపారు. చేతి సంచి ఎక్స్‌రే యంత్రంలోంచి పోతుంటే తెర మీద నల్లగా, నలుపలకలుగా కనబడ్డానట. సంచి విప్పించి, నన్ను బయటికి లాగి, అటూ ఇటూ తిప్పి చూశాడు అక్కడి మనిషి.

"ఏంటిది?"

"పలక సార్. మార్కాపురం పలక."

చెక్క చట్రం మీద గోటితో గీకి చూశాడు. "ఇంకా దొరుకుతున్నాయా ఇవి!" అని తిరిగి సంచిలో పెట్టేశాడు. ఇరవై ఎనిమిదేళ్ల మెకానికల్ ఇంజినీరు పలక పట్టుకుని జర్మనీ పోతుంటే వెనక వరసలో ఉన్న చిన్నపిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. మావాడికి సిగ్గేసింది. నాకేం సిగ్గు? బడికి పోవడం నాకు కొత్త కాదు.

నా వయసు అడిగితే రెండు లెక్కలు చెప్పాలి. రాయిగా అయితే వంద కోట్ల ఏళ్లు దాటాయి. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు మా పొరలకు కంభం పేరే పెట్టుకున్నారు. పలకగా అయితే 2001లో పుట్టాను. ఈ మధ్యలో నేను కదలకుండానే నా చిరునామా మారింది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లా. తర్వాత ఒంగోలు జిల్లా. 1972లో దాని పేరు ప్రకాశం అయింది. వలస అంటే ఊరు వదలడమేనని జనం అనుకుంటారు గానీ, ఊళ్లో ఉన్నవాణ్ణి కూడా గెజిట్ ఒక్క కాగితంతో కదిలించగలదు.

నన్ను చేసింది మావాడి తాత. గని నుంచి వచ్చిన బండను నిలబెట్టి, పొర ఎక్కడ ఉందో బొటనవేలితో తడుముకుని, అక్కడ ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తట్టేవాడు. గట్టిగా కొడితే ముక్కలవుతాం. మెల్లగా తడితే అరటి బోదెలా పొర మీద పొర విడివడతాం. తర్వాత కొలతకు కోసి, నున్నగా అరగదీసి, చట్రం బిగించడం. చివర్లో వేలి కణుపుతో ఒకసారి తట్టేవాడు. ఖణ్‌మంటే మంచి పలక. మొద్దుగా మోగితే లోపల బీట ఉన్నట్టు, పక్కన పడేసేవాడు. మనవడి కోసం చేసిన నన్ను మూడుసార్లు తట్టాడు.

ఆ గదిలో ఎప్పుడూ బూడిద రంగు మబ్బు. మనుషుల కనురెప్పల మీద, టీ గ్లాసుల మీద, అన్నం మూట మీద నా పొడే. ముక్కుకు తువ్వాలు కట్టుకోమని కోడలు పోరితే "ఊపిరాడదమ్మా" అనేవాడు. కట్టుకోకపోయినా ఆడలేదు. దగ్గు పట్టుకుంటే క్షయ అనుకుని ఆ మందులే మింగించారు కొన్నాళ్లు. రాతిపొడితో వచ్చే జబ్బుకి సిలికోసిస్ అని వేరే పేరుందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. యజమాని దినానికి వచ్చి, భోంచేసి వెళ్లాడు. ఈ చావులో నాకూ పాలుంది. దాన్ని దాచుకుని ఆత్మకథ చెప్పుకోను.

చెన్నకేశవస్వామి గుడిలో మావాడికి అక్షరాభ్యాసం నామీదే జరిగింది. ఆ తర్వాత రెండేళ్లు ఉమ్ముతో తుడిపించుకుని, దొండాకు పసరు పూయించుకుని, ఒక మూల చెక్క ఊడగొట్టించుకుని అటకెక్కాను. బయట కూడా నా జాతి పని అయిపోతోంది. నోటుబుక్కులు వచ్చాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. ఉద్యోగం పోయిన మా రాయి వేరే ఉద్యోగం వెతుక్కుంది. నేల మీద పరిచే పెంకులుగా, గోడలకు అతికించే పట్టీలుగా ఓడలెక్కి యూరప్‌కూ పోయింది. రాయికి వీసా లేదు. జర్మన్ రావాలని ఎవరూ అడగలేదు.

మావాడికి అన్నీ అడిగారు.

వాళ్లది తర్లుపాడు వైపు ఊరు. వెయ్యి అడుగులు దింపినా బోరులో తడి తగలని నేల. నల్లమల కింద సొరంగాలు తవ్వి కృష్ణ నీళ్లు తెస్తామని వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. అది మావాడు పుట్టకముందు మాట. వాడు పుట్టి, చదివి, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో మూడేళ్లు డ్రాయింగులు గీసి, ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికొచ్చినా పొలానికి నీళ్లు రాలేదు. యూరప్ పంపిస్తామని ఒక కన్సల్టెన్సీ లక్షన్నర తీసుకుని బోర్డు తిప్పేసింది. ఆ తర్వాతే వాడు సొంతంగా చదువుకోవడం మొదలుపెట్టి, అటక మీంచి నన్ను దించాడు. ఫోన్లో చూసిన మాట చేత్తో రాస్తే గాని బుర్రకెక్కదట.

జర్మన్‌లో ప్రతి వస్తువుకూ లింగం ఉంటుంది. బల్ల మగ, దీపం ఆడ, పుస్తకం రెండూ కాదు. ఆడపిల్ల కూడా రెండూ కాదు. అది విని మావాడు తల పట్టుకుంటే, చిక్కుళ్లు ఈనెలు తీస్తున్న వాళ్లమ్మ తల ఎత్తకుండా అంది: "మనం మాత్రం? 'మన పాప యాడికి పోయింది, అదింకా రాలే' అనమా?" వాడు ఆమె వంక చూసి, నామీద పెద్దగా ఒక టిక్కు పెట్టాడు. ఆ పాఠం మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

2024 జూన్ 1 నుంచి జర్మనీ చాన్సెన్‌కార్టె అని ఒకటి ఇస్తోంది. అవకాశం కార్డు అనుకోండి. చేతిలో ఉద్యోగం లేకపోయినా వెళ్లి ఏడాది దాకా వెతుక్కోవచ్చు. డిగ్రీ చెల్లాలి, ఇంగ్లీషో జర్మనో కొంత రావాలి, ఆపైన ఆరు పాయింట్లు తేవాలి. ఒక రాత్రి వాడు నామీద కూడిక వేశాడు. వయసు ముప్పై అయిదు లోపు, 2. చదువుకు తగ్గ అనుభవం, 2. జర్మన్ ఎ2, 1. ఇంజినీర్ల కొరత ఉంది గనక ఇంకో 1. మొత్తం 6. కింద రెండు గీతలు గీశాడు. అంచు మీద నిలబడ్డట్టే లెక్క, ఒక్కటి తగ్గినా ఇంట్లోనే.

తర్వాత గుణకారం. అప్పటి లెక్కన నెలకు 1,091 యూరోల చొప్పున పన్నెండు నెలల ఖర్చు ముందే జర్మన్ ఖాతాలో వేసి చూపాలి. 13,092. రూపాయల్లోకి మార్చేసరికి పన్నెండు పదమూడు లక్షలు. వాళ్లమ్మ దగ్గరికొచ్చి అంకెల మీద వేలు పెట్టి ఒక్కోటి చదివింది. వేలికి అంటిన బలపం పొడి చీర కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. తెల్లారి గిద్దలూరులో ఉన్న అన్నకు ఫోన్ చేసింది. మేనమామ కొంత, బ్యాంకులో బంగారం కొంత, రెండెకరాల మెట్ట మీద మిగతాది.

ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా హైదరాబాద్ బస్సు. అక్కణ్ణుంచి విమానం. నేను చొక్కాల మధ్య.

కోబ్లెంట్స్‌లో మోజెల్ నది రైన్‌లో కలుస్తుంది. మావాడికి దొరికింది పైకప్పు కిందే ఒక వాలు గది. నన్ను కిటికీ గట్టు మీద నిలబెట్టాడు. బయటికి చూసి నేను బిత్తరపోయాను. ఇళ్ల కప్పులన్నీ పలకరాయే! వాళ్ల భాషలో షీఫర్. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి, వానకు తడిసి మెరుస్తూ. నలభై కోట్ల ఏళ్ల పిల్లకాయలు, నా ముందు నిన్న మొన్నటి వాళ్లు. దగ్గర్లోని మాయెన్‌లో వాళ్ల గని 2019లో మూతపడింది. ఒకప్పుడు ఇక్కడి పిల్లలూ పలక మీదే దిద్దారు. తుడుచుకునే స్పాంజి సంచి బయటికి వేలాడుతుండేదట. ఉమ్ము వేయడం మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

మావాడు రోజూ దరఖాస్తులు పెట్టేవాడు. తిరస్కారం వచ్చినప్పుడల్లా నామీద ఒక గీత. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. ఆ కార్డు మీద వారానికి ఇరవై గంటలే పని చేయనిస్తారు. సాయంత్రాలు ఒక హోటల్లో గిన్నెలు కడిగేవాడు. నలభై గీతలు దాటాక లెక్క ఆపి, నన్ను గోడ వైపు తిప్పి పెట్టాడు.

ఏప్రిల్లో మా కప్పు బాగుచేయడానికి పరంజా కట్టారు. ఒక నడివయసు మనిషి కిటికీ అవతలే నిలబడి, ఇనుప దిమ్మె మీద రాయి పెట్టి, సుత్తి అంచుతో కొలతకు కొడుతున్నాడు. మావాడు కాఫీ కప్పు పట్టుకుని కదలకుండా చూస్తున్నాడు. ఆ మనిషి నన్ను చూసి చెయ్యి చాపాడు. మావాడు ఇచ్చాడు. ఆయన వేలి కణుపుతో తట్టాడు. ఖణ్.

ఇరవై అయిదేళ్ల తర్వాత మళ్లీ ఆ తట్టు.

"ఎక్కడిది?" అన్నాడు. "ఇండియా. మా తాత చేశాడు." ఆయన ఇంకోసారి తట్టి, ఈసారి మావాడి చేతుల వంక చూశాడు. దాఖ్‌డెకర్లు, అంటే కప్పు నేసేవాళ్లు, ఆ దేశంలో దొరకడం లేదు. వాళ్లకు దేశమంతటికీ శిక్షణ ఇచ్చే కేంద్రం ఆ మాయెన్‌లోనే ఉంది. రెండు వారాలు పని చేసి చూడు, నచ్చితే మూడేళ్ల శిక్షణ, జీతం ఇస్తూనే నేర్పుతాం అన్నాడు. చాన్సెన్‌కార్టె మీద అలాంటి రెండు వారాల ప్రయోగపు పని చేయవచ్చు.

బీటెక్ చదివించి పంపింది రాయి కొట్టడానికా అని వాడు రాత్రంతా గదిలో తిరిగాడు. తెల్లవారుజామున నన్ను తడిగుడ్డతో తుడిచి, గీతలన్నీ పోయాక ఇంటికి ఫోన్ చేశాడు.

"కప్పు పని అమ్మా. పలకరాయితో. తాత చేసినట్టే, కొట్టి పేర్చాల."

అటు నుంచి చాలాసేపు మాట లేదు. గేదె అరుపు వినబడింది.

"దుమ్ము లేస్తాదా నాయనా?"

"లేస్తాదేమో."

"ముక్కుకి గుడ్డ కట్టుకో. ఊపిరాడకపోయినా కట్టుకో."