పెరటి కృష్ణ

మాది తాడేపల్లి. మేడెక్కితే కృష్ణ కనిపిస్తుంది. కాస్త నడిస్తే ప్రకాశం బ్యారేజీ, 1957 నుంచి 70 గేట్లతో అక్కడే ఉంది. కానీ పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా! ఆగస్టులో ఓ రాత్రి టీవీలో ‘నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు’ అనగానే మా ఇంట్లో పులిహోర పళ్లెం అటక దిగింది.

మావయ్యగారు మాత్రం పడక్కుర్చీ దిగలేదు.

“ఆ నీళ్లు ఎటూ ఇక్కడికే వస్తాయి కదా అల్లుడుగారూ! కొత్తల్లుడొచ్చినా పొలిమేర దాకానే ఎదురెళ్తాం. నీళ్లకు నూటయాభై కిలోమీటర్లా?”

నేను పాత అల్లుణ్ణి కాబట్టి వినిపించుకోలేదు.

సత్తెనపల్లి దాకా పత్తి చేలు, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, మాచర్ల దాటాక నల్లమల కొండలు. ఎత్తిపోతల దగ్గర ఆగాం. చంద్రవంక డెబ్బై అడుగుల నుంచి దూకుతుంటే నోరు తెరిచి చూస్తున్నాం. ఇంతలో ఓ కోతి డబ్బా ఎత్తింది, పులిహోర పోయింది. ఎత్తిపోతలంటే ఏమిటో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

మధ్యాహ్నానికి సాగర్ చేరాం. ఎదురుగా 124 మీటర్ల రాతి గోడ. దానికి 26 గేట్లు, ఇరవై ఆరూ దించేసి ఉన్నాయి! పైనుంచి వరద తగ్గిందట. “నిన్నొచ్చుంటే చూడాల్సింది సార్!” అన్నాడు టీ కొట్టతను, చక్కెర కాస్త ఎక్కువేసి.

1955 డిసెంబరు 10న ఈ డ్యాముకి నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆధునిక దేవాలయాలని ఆయనన్నది ఇలాంటి వాటినే. దేవాలయమన్నాక దర్శన వేళలు కనుక్కుని బయల్దేరాలన్న ఇంగితం మనకుండాలి. అల్లంత దూరాన నీళ్ల మధ్య నాగార్జునకొండ. లోయలోని బౌద్ధ కట్టడాలను నీళ్లు రాకముందే ఆ కొండ మీదికి చేర్చారు. మేమేమో నీళ్లు ఆగిపోయాక చేరాం.

మర్నాడు సాయంత్రం మావయ్యగారే మమ్మల్ని బ్యారేజీ మీదికి నడిపించుకెళ్లారు. గేట్లెత్తేశారు, కింద ఎర్రటి నీళ్లు హోరెత్తిపోతున్నాయి.

“మీరు వెతుక్కుంటూ వెళ్లినవి ఇవే. దారిలో పులిచింతల డ్యాములో కాస్త నడుం వాల్చి వచ్చాయి,” అన్నారు.

పక్కనే ఓ కుటుంబం ఫొటోలు దిగుతోంది. ఏ ఊరని అడిగాను.

“మాచర్లండీ. టీవీలో చూసి, బ్యారేజీ గేట్ల కోసం వచ్చాం.”

వాళ్లావిడ చేతిలో పులిహోర డబ్బా ఉంది.