కొండ దించే బండిని

అరకు వచ్చేవాళ్ళలో చాలామంది కొండెక్కేటప్పుడు రైల్లో ఎక్కుతారు. విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు, దానికి తగిలించిన అద్దాల పెట్టె, ఒకదాని వెనక ఒకటి వచ్చే సొరంగాలు, ప్రతి సొరంగంలోనూ పిల్లల కేకలు. అదంతా రాకడ ముచ్చట. పోకడ నాది. సెలవులు అయిపోయాక, గది తాళం రిసార్టు కౌంటరు మీద పెట్టేశాక, విమానం వేళకి వాళ్ళని కొండ దించి విశాఖ విమానాశ్రయం దగ్గర దింపేది నేను. పసుపు నంబరు ప్లేటు ఉన్న తెల్ల ఇన్నోవా క్రిస్టాని.

నేను పుట్టింది కర్ణాటకలో, బెంగళూరు నుంచి మైసూరు వెళ్ళే దారిలో ఉన్న బిడదిలో. నా ఒళ్ళంతా ఒక ఉక్కు చట్రం మీద కూర్చుని ఉంటుంది. 2.4 లీటర్ల డీజిల్ ఇంజను. నన్ను తోసేవి వెనక చక్రాలు. నిండా జనంతో ఎత్తెక్కుతున్నప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, వెనక చక్రాలకి నేల మీద పట్టు పెరుగుతుంది. ఘాట్ రోడ్ల మీద తిరిగే ట్రావెల్స్ వాళ్ళు నాలాంటి బండిని ఇష్టపడటానికి అదొక కారణం. నా నంబరు ఏపీ 39తో మొదలవుతుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఒకే సిరీస్ తెచ్చారు కాబట్టి, నేను ఏ జిల్లా బండినో ప్లేటు చూసి చెప్పలేరు. నన్ను నడిపే మనిషిది మాత్రం శృంగవరపుకోట పక్క పల్లె. ఆయన మాట వింటే చాలు, ఎక్కడివాడో ఎవరికైనా తెలిసిపోతుంది.

కిరాయి బండిని కాబట్టి మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా నేను ఫిట్‌నెస్ పరీక్షకి వెళ్ళాలి. బ్రేకులు చూస్తారు, లైట్లు చూస్తారు, టైర్ల అరుగుదల చూస్తారు, పొగ కొలుస్తారు. నా డ్రైవరు నిన్న రాత్రి ఎంతసేపు పడుకున్నాడని అడిగే పరీక్ష లేదు. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా దాని గురించే. కాని అక్కడికి వెళ్ళాలంటే ముందు బుకింగు సంగతి చెప్పాలి.

ఎయిర్‌పోర్టు డ్రాప్ బుక్ చెయ్యడమంటే కారు దొరకడమే అనుకుంటారు. అందులో కారు దొరకడం చిన్న సంగతి. అతిథి నోటి మాట చక్రం దాకా చెడకుండా రావడం పెద్ద సంగతి. ఒక డిసెంబరులో జరిగింది చెబుతాను. హైదరాబాదు కుటుంబం. ఇంటాయన రిసెప్షన్లో చెప్పిన మాట ఇది: ‘రేపు పొద్దున తొమ్మిదిన్నర ఫ్లైటండి, ఆరుగురం, పెట్టెలు ఐదున్నాయి, మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు.’ రిసెప్షన్ నుంచి ట్రావెల్ డెస్కుకి వెళ్ళింది: ‘రేపు తొమ్మిదిన్నర ఫ్లైటు, ఆరుగురు.’ డెస్కు నుంచి విశాఖలో ఉన్న ట్రావెల్స్ ఆఫీసుకి వాట్సాప్: ‘అరకు టు ఎయిర్‌పోర్ట్, 9.30, ఇన్నోవా.’ ఆఫీసు నుంచి నా డ్రైవరుకి ఫోను: ‘రేపు తొమ్మిదిన్నరకి అరకులో పికప్.’ అంతే. పెట్టెలు దారిలో పోయాయి, మోకాళ్ళు పోయాయి, విమానం ఎగిరే వేళ కాస్తా బండెక్కే వేళ అయిపోయింది.

నా డ్రైవరుకి ముందురోజు రాత్రి అతిథితో స్వయంగా మాట్లాడే అలవాటుంది. అనంతగిరికీ టైడాకీ మధ్య చాలాచోట్ల సిగ్నల్ అందదు. పొద్దున దారిలో ఉండగా మాట్లాడుకుందాం అనుకుంటే కుదరదు. ఆ రాత్రి నా స్టీరింగ్ ముందు కూర్చునే ఫోను చేశాడు.

“సార్ నమస్తే, రేపటి మీ డ్రైవర్నండి. మీ ఫ్లైటు ఎన్ని గంటలకండి?”

“తొమ్మిదిన్నరకి.”

“ఐతే మనం నాలుగింటికల్లా ఎల్లిపోవాల సార్.”

“నాలుగింటికా? డెస్కులో తొమ్మిదిన్నరకి కారన్నారే!”

“కాదండి బాబూ. తొమ్మిదిన్నరకి మీరు గాల్లో ఉండాల.”

ఆ నాలుగింటి లెక్కని నా డ్రైవరు వెనకనుంచి ముందుకి వేస్తాడు. దేశీయ విమానాలకి చెక్‌ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు, ఎక్కే గేటు 25 నిమిషాల ముందు. చేతిసంచీ ఒక్కటే ఉన్నవాడికి రెండోది గడువు, పెట్టెలు వెయ్యాల్సిన కుటుంబానికి మొదటిది. అంటే 8.30కి తలుపు మూసుకున్నట్టే. గుమ్మం దగ్గర టికెట్టు, గుర్తింపు కార్డు చూసే వరసకి, కౌంటరు వరసకి ముప్పావుగంట తీసేస్తే 7.45కి చేరాలి. అరకు నుంచి విమానాశ్రయానికి 115 కిలోమీటర్లకి అటూ ఇటూ. మైదానంలో ఐతే రెండు గంటల్లో ఊదేసే దూరం. ఘాట్ ఉంది కాబట్టి మూడు నుంచి మూడున్నర గంటలు. మంచుకాలం కాబట్టి పావుగంట, ఎవరికైనా కడుపులో తిప్పితే ఆగడానికి ఇంకాస్త. అందుకే నాలుగు. ఈ లెక్కలో ఒక్క అంకె కూడా కారుకి సంబంధించింది కాదు. రిసార్టు డెస్కులో కూర్చున్నవాళ్ళు విమానం వేళనీ బయల్దేరే వేళనీ రెండు వేరువేరు గడుల్లో రాస్తే చాలు, ఇంత గండం తప్పుతుంది.

ఆ తెల్లవారుజామున గుమ్మం ముందుకి వెళ్ళేసరికి నా అద్దాలనిండా నీళ్ళు. వెనక వరస సీట్లు తెరిస్తే డిక్కీలో మిగిలేది రెండు సంచుల చోటు. పెట్టెలు ఐదని రాత్రే ఫోనులో తెలిసింది కాబట్టి డ్రైవరు నా నెత్తిమీది క్యారియర్‌కి పట్టా, తాడు సిద్ధంగా ఉంచాడు. తెలియకపోతే ఏం జరిగేదో నేను చాలాసార్లు చూశాను. ఒళ్ళో పెట్టెలు పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, మూడు గంటలు మలుపుల్లో ఊగుతూ దిగుతారు. మామ్మగారు నా మెట్టు వైపు చూసి ఆగిపోయారు. ఉక్కు చట్రం మీద కూర్చున్న ఒళ్ళు నాది, నేల నుంచి కాస్త ఎత్తే.

“మామ్మగారూ, ముందు కూకోండి, ఆనక కాళ్ళు లోపలికి పెట్టుకుందురు. నేను పట్టుకుంటాను,” అన్నాడు డ్రైవరు.

మధ్య వరసలో కూర్చున్నారు. అది సరైన చోటు. చివరి వరస వెనక ఇరుసు మీద ఉంటుంది. మలుపుల్లో ఎక్కువగా ఊగేది అదే. కడుపులో తిప్పే పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టి, చేతికి ఫోనిచ్చి, బొమ్మలు చూస్తూ ఉండమంటారు. దానికంటే బాధ ఇంకొకటి లేదు. ముందుకి చూసే చోట కూర్చోబెట్టండి, కిటికీ కాస్త దించండి, బయల్దేరేముందు నూనె వంటకాలు పెట్టకండి. డ్రైవర్లందరికీ తెలిసిన మాటే ఇది. అడిగితే చెబుతారు.

ఇక దిగడం. సుంకరమెట్ట దాటాక మంచు రోడ్డు మీదికి వచ్చేస్తుంది. పెద్ద లైటు వేస్తే ఆ వెలుగు మంచుకి తగిలి మన కళ్ళలోనే పడుతుంది, అందుకే డిమ్ములోనే నడవాలి. రెండో గేరులో ఇంజను బిగువు మీద దిగాలి. బ్రేకు మీద కాలు అలాగే అదిమి ఉంచితే బ్రేకులు కాలి పట్టు తగ్గుతుంది. ఆ వాసన వచ్చిన బండి ఏదో ఒకటి పక్కన ఆగి చల్లారుతూ ప్రతి సీజన్లోనూ కనిపిస్తుంది. ఎదురుగా ఎక్కే బండి వస్తే, ఇరుకుచోట ఆగాల్సింది దిగే బండే. నియమం అది. నిండా బరువుతో ఎక్కుతున్నది ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం కష్టం కాబట్టి ఆ నియమంలో న్యాయముంది. టూరిస్టు కార్లు చాలావాటికి ఇది పట్టదు. నా డ్రైవరు మాత్రం ఎక్కే లారీ లైటు చెట్లమీద పడగానే కొండవైపుకి ఒదిగి నిలబెడతాడు.

అనంతగిరి దగ్గర రోడ్డుకి రెండు పక్కలా కాఫీ తోటలు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని ఎగబాకే మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. ఇక్కడి అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అతిథుల సంచుల్లో కాఫీ పొడి వాసన లేకుండా నేను కొండ దిగిన రోజులు తక్కువ. నాలుగింటికి బయల్దేరిన వాళ్ళకి మాత్రం ఈ తోటలు కనిపించవు, చీకట్లో దాటిపోతాయి. అందుకే నన్నెవరైనా అడిగితే, అరకు నుంచి తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం దాటాక ఉన్న విమానం తీసుకోమంటాను. పొద్దున్నే వెళ్ళక తప్పదంటే ముందురోజు సాయంత్రమే విశాఖ దిగి పడుకోవడం మేలు. ఒక రాత్రి గది ఖర్చు అవుతుంది, కాని చీకటి ఘాట్ తప్పుతుంది.

చీకటి ఘాట్‌లో నన్ను మంచుకన్నా, మలుపులకన్నా ఎక్కువగా భయపెట్టేది నిద్ర. రాత్రి మూడు నుంచి ఐదు దాకా మనిషి ఒళ్ళు నిద్రకే మొగ్గుతుంది, ఎంత అనుభవం ఉన్నవాడికైనా. సరిగ్గా ఆ వేళలోనే ఈ దిగుడు. మరి ముందురోజు నా డ్రైవరు ఏం చేశాడు? పగలు విశాఖ నుంచి ఒక కుటుంబాన్ని ఎక్కించుకొచ్చాడు. బొర్రా గుహల దగ్గర ఎండలో కాపు కాశాడు. రాత్రి పదింటికి వాళ్ళని రిసార్టులో దించాడు. ఆ తర్వాత ఆయనకి గది లేదు. నూరు గదులున్న చోట కూడా చాలాసార్లు డ్రైవరుకి మంచం ఉండదు. నా ముందు సీటు వెనక్కి వాల్చుకుని, దోమలకి అద్దాలు ఎత్తాలా, గాలికి దించాలా తేల్చుకోలేక, దుప్పటి ముఖంమీదికి లాక్కుని పడుకుంటాడు. ఈ ఏజెన్సీ కొండల్లో దోమకాటంటే మలేరియా భయం. డిసెంబరు చలికి నా ఇనుమంతా చల్లబడిపోతుంది, నాలో పడుకున్న మనిషికి వెచ్చదనం ఎక్కడినుంచి తెచ్చివ్వను? పదకొండుకి కన్ను మూసి మూడుకి లేచి ముఖం కడుక్కున్న మనిషి చేతుల్లో ఆరు ప్రాణాలు.

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నాటిది, 2025 దాకా అమల్లో ఉంది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటల పని అని అందులో రాసి ఉండేది. ఐదుగురూ అంతకు మించీ కార్మికులున్న సంస్థలకి అది వర్తించేది. రెండు బండ్లున్న చిన్న ట్రావెల్స్‌లో పనిచేసే నా డ్రైవరు దగ్గరికి ఆ చట్టం ఎప్పుడూ రాలేదు. వచ్చేది అతిథి ఒక్కరే. బుక్ చేసేటప్పుడు ‘రేపొచ్చే డ్రైవరు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటాడండి?’ అని ఒక్క మాట అడిగిన అతిథి ఒకరు నాకు తెలుసు. డెస్కు వాళ్ళు కాసేపు తటపటాయించి, సామాన్ల గదిలో ఒక మంచం వేయించారు. ఆ మర్నాడు నా స్టీరింగ్ మీద చేతుల పట్టే వేరుగా ఉంది. కొన్ని రిసార్టుల్లో డ్రైవర్లకి వేరే గది, స్నానానికి వేడినీళ్ళు, రాత్రి భోజనం ఇస్తున్నారు. అలాంటి చోటికి కిరాయి ఉందంటే నా డ్రైవరు మరో మాట లేకుండా ఒప్పుకుంటాడు. అక్కడినుంచి బయల్దేరిన అతిథులు కూడా, వాళ్ళకి తెలియకుండానే, మంచి చేతుల్లో దిగుతారు.

కిరాయి దగ్గర పేచీ ఎక్కువ. దిగేది ఒకవైపే కదా, రెండువైపుల డబ్బులెందుకని అడుగుతారు. తిరుగు ప్రయాణంలో నేను చాలాసార్లు ఖాళీగా ఎక్కుతాను. అప్పుడూ నాకు డీజిల్ కావాలి, ఆయనకి అన్నం కావాలి. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: చెప్పిన మొత్తంలో టోలు, పార్కింగు, డ్రైవరు బాటా కలిసి ఉన్నాయా, విడిగానా? అది ముందే కాగితం మీదో, మెసేజీలోనో రాయించుకుంటే విమానాశ్రయం ముందు గొడవ ఉండదు. వానాకాలంలో, అక్టోబరు తుపాన్ల రోజుల్లో మరొకటి కూడా అడగాలి: రోడ్డు మీద కొండరాళ్ళు పడితే ఏ దారిన దించుతారని.

శృంగవరపుకోట దాటాక కొత్తవలస, పెందుర్తి, ఎన్‌ఏడీ జంక్షన్. అక్కడికి ఊరి ట్రాఫిక్ మొదలవుతుంది, నిద్రకి బదులు విసుగు వస్తుంది. విమానాశ్రయం ఉన్న నేల నౌకాదళానిది, ఐఎన్‌ఎస్ డేగ స్థావరం. ఆ రోజు మామ్మగారు దిగేటప్పుడు నా తలుపు పట్టుకుని నిలబడి, “నువ్వేం తిన్లేదు కదు నాయనా,” అని సంచిలోంచి రెండు జంతికలు తీసి డ్రైవరు చేతిలో పెట్టారు. 7.40 అయింది. ఇంటాయన బాటా ఇచ్చి, తిరుగు దారిలో పెందుర్తిలో ఆగి ఓ గంట పడుకోమని చెప్పాడు. నా డ్రైవరు పడుకున్నాడు కూడా.

భోగాపురంలో కొత్త విమానాశ్రయం కడుతున్నారు, అల్లూరి సీతారామరాజు పేరుతో. విమానాలు అటు మారితే శృంగవరపుకోటలో నేను కొత్తవలస వైపు కాకుండా విజయనగరం వైపు తిరగాలి. ఘాట్ మాత్రం అదే, డిసెంబరు మంచు అదే. రిసార్టు డెస్కులో ఈమధ్యే చేరిన అమ్మాయి ఒకామె ఉంది. ఫ్లైటు వేళ, బయల్దేరే వేళ, మనుషులు, పెట్టెలు, పెద్దవాళ్ళు, డ్రైవరు పడక అని ఆరు గడులు గీసిన నోటుబుక్కు పెట్టుకుంది. నింపాకే ఆఫీసుకి ఫోను చేస్తుంది. భోగాపురానికి ఎంతసేపు పడుతుందో నడిపి చూసి చెప్పమని నా డ్రైవర్ని ఇప్పటికే అడిగింది. వచ్చేవారం ఖాళీ రోజు చూసుకుని, విజయనగరం మీదుగా ఒకసారి వెళ్ళొద్దామని ఆయన అంటున్నాడు.