మూడోవాడి భక్తుడు

ఆగస్టు, శనివారం రాత్రి. డాలస్ కౌబాయ్స్ ప్రీసీజన్ మ్యాచ్ నాలుగో క్వార్టర్లో పడింది. కోట్లలో జీతాలు తీసుకునేవాళ్లంతా ఎప్పుడో హెల్మెట్లు తీసేసి, టోపీలు పెట్టుకుని, గీత అవతల కబుర్లాడుకుంటున్నారు. జనం కార్ల వైపు నడక మొదలెట్టారు. కామెంటేటర్లు కూడా ఆట వదిలేసి పాత ముచ్చట్లలోకి దిగారు. సరిగ్గా అప్పుడు ఒకడు సోఫా అంచుకు జరిగి, టీవీ సౌండు పెంచి, "ఆగండాగండి, ఇప్పుడొస్తాడు మావాడు" అంటాడు.

మావాడంటే ఆ ఏడే కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు. రన్నింగ్ బ్యాక్. క్వార్టర్‌బ్యాక్ చేతికిచ్చిన బంతిని కడుపుకు అదుముకుని, ఎదురుగా ఉన్న పదకొండు మందిని తప్పించుకుంటూ, కుదరకపోతే గుద్దుకుంటూ ముందుకు ఉరికేవాడు. ఆ పనికి జట్టులో ముందే ఒకడున్నాడు. వాడికేమన్నా అయితే దిగడానికి రెండోవాడూ ఉన్నాడు. ఈ కుర్రాడు మూడోవాడు. సోఫా అంచున కూర్చున్న పెద్దమనిషి ఈ మూడోవాడి భక్తుడు.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లుంటే, ప్రతి జట్టు ఊళ్లోనూ ఈ బాపతు మనుషులుంటారు. డాలస్‌లో మరీ ఎక్కువేమోనని అనుమానం. కౌబాయ్స్ చివరిసారి లీగు ఫైనల్ సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. అంతకాలంగా జనవరిలో దొరకనిది ఆగస్టులోనే వెతుక్కోవాలి కదా మరి.

మ్యాచ్ ఫలితం ఎక్కడా లెక్కలోకి రాదని భక్తుడికి తెలుసు. 2021లో లీగువాళ్లు అసలు సీజన్ని 16 మ్యాచుల నుంచి 17కు పెంచి, ప్రీసీజన్ని నాలుగు నుంచి మూడుకు కుదించారనీ తెలుసు. శిబిరంలో జట్టుకు 90 మంది ఉంటారు, ఆగస్టు ఆఖర్లో 53 మందే మిగులుతారు. అంటే జట్టుకు 37 మంది చొప్పున దేశం మొత్తమ్మీద దాదాపు 1,200 మంది ఒక్కసారిగా సామాను సర్దుకుంటారు. నాలుగో క్వార్టర్లో మావాడు ఎవర్నైతే బోల్తా కొట్టించాడో, వాళ్లలో చాలామంది ఈ 1,200 లోవాళ్లే. ఈ చివరి లెక్క ఒక్కటే భక్తుడి బుర్రకెక్కదు.

"మీరు టెరెల్ డేవిస్ పేరు విన్నారా?" అని మొదలెడతాడు. వినలేదంటే అరగంట. విన్నామంటే ముప్పావు గంట.

ఆ కథ నిజంగానే గొప్పది. కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1995లో, డెన్వర్ బ్రాంకోస్ డేవిస్‌ని ఆరో రౌండులో, 196వ వాడిగా తీసుకుంది. ఆ ఆగస్టులో జట్టు ప్రీసీజన్ మ్యాచ్‌కి టోక్యో వెళ్లింది. తనకిక్కడ చోటు దొరకదని డేవిస్‌కి దిగులు పట్టుకుంది. విమానమెక్కి ఇంటికి వెళ్లిపోదామని హోటల్ వాళ్లతో మాట్లాడబోతే భాష కుదరక ఆగిపోయానని తర్వాత అతనే చెప్పుకున్నాడు. మర్నాడు శాన్‌ఫ్రాన్సిస్కోతో మ్యాచ్‌లో అందరి కళ్లలో పడ్డాడు. ఆ ఏడాది 1,117 యార్డులు పరిగెత్తాడు. 1998లో 2,008. 2017లో హాల్ ఆఫ్ ఫేమ్.

భక్తుడు చెప్పేటప్పుడు ఒక చిన్న సంగతి మింగేస్తాడు. ఆ రాత్రి డేవిస్ తలరాత మార్చింది పరుగు కాదు. కిక్ ఆఫ్ అందుకుని వస్తున్న ప్రత్యర్థిని ఎదురెళ్లి పడగొట్టిన ఒక్క గుద్దు. కోచ్‌లకు నచ్చింది అదే. మూడోవాడు 53లో మిగలాలంటే ముందు ఇలాంటి చాకిరీ చేయాలి. కిక్‌ల వెంట పరిగెత్తాలి, ఒళ్లు హూనం చేసుకోవాలి. టీవీ ముందు కూర్చున్నవాడు ఆ కాసేపట్లోనే చిప్స్ గిన్నె నింపుకోవడానికి వంటింట్లోకి వెళతాడు.

డేవిస్ తర్వాత ఏరియన్ ఫోస్టర్ వస్తాడు. 2009 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, 2010లో హ్యూస్టన్ తరఫున 1,616 యార్డులతో లీగులో అందరికన్నా ముందు నిలిచాడు. ఆ వెనక ఆల్‌ఫ్రెడ్ మోరిస్. 2012లో ఆరో రౌండువాడు, మొదటి ఏడే వాషింగ్టన్‌కి 1,613. మొన్నమొన్నటి ఇసయా పచెకో. 2022లో ఏడో రౌండులో 251వ వాడిగా కాన్సస్ సిటీకి వచ్చి, అదే సీజన్లో సూపర్ బౌల్ ఉంగరం తొడుక్కున్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. ఇన్ని నిజాలు ఒకేచోట పేర్చి తప్పు లెక్క చెప్పడంలో మాత్రం మన భక్తుడికి సాటి లేదు.

ఈ సహస్రనామంలో క్రిస్టీన్ మైఖేల్ పేరుండదు. 2013లో సియాటెల్ రెండో రౌండులో తెచ్చుకున్న కుర్రాడు. ఆ ప్రీసీజన్లో అతని పరుగు చూసి ఊరు ఊరంతా వెర్రెత్తింది. ముందు మార్షాన్ లించ్ లాంటి పర్వతం ఉంది కాబట్టి ఆ ఏడాదికి దక్కినవి 18 పరుగులు, 79 యార్డులు. వచ్చే ఏడు చూడండన్నారు. ఆ వచ్చే ఏడు అలా వస్తూనే ఉంది. జో విలియమ్స్ పేరూ ఉండదు. 2017లో ఇతన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకి తెచ్చుకుని తీరాలని పట్టుబట్టింది అభిమానులు కూడా కాదు, స్వయంగా కోచ్ కైల్ షానహాన్. నాలుగో రౌండులో తీసుకున్నారు. అసలు సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ ప్రయాణం ముగిసింది.

కోచ్‌లకే తప్పనప్పుడు యజమానులకు తప్పుతుందా? 2019లో కౌబాయ్స్ అసలు రన్నింగ్ బ్యాక్ ఎజెకీల్ ఎలియట్ జీతం పెంచమని అలిగి మెక్సికోలో కూర్చున్నాడు. ఇటు హవాయిలో ప్రీసీజన్ మ్యాచ్. నాలుగో రౌండులో వచ్చిన టోనీ పొలార్డ్ కాసిని పరుగులు తీసి ఓ టచ్‌డౌన్ కొట్టాడు. మ్యాచ్ అయ్యాక యజమాని జెర్రీ జోన్స్ ఎలియట్‌ని ముద్దుపేరుతో "జీకా? ఎవరతను?" అని చమత్కరించాడు. ఎలియట్ మనుషులకు ఒళ్లు మండింది. సెప్టెంబరు మొదటి వారంలో అదే జోన్స్ అదే ఎలియట్‌తో ఆరేళ్లకు తొమ్మిది కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. చమత్కారం ఖరీదు అంతయింది. పొలార్డ్ ఆ ఏడాది 86 సార్లు బంతి పట్టి 455 యార్డులతో సరిపెట్టుకున్నాడు.

కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం 2016 నుంచి డాలస్ ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంది. పేరు ద స్టార్. అదే ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, ఊరి నిండా తెలుగువాళ్లున్నారు. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగకుండా దిగినవాడు మొదటి ఏడాది "వీళ్లు ఆడేది తక్కువ, ఆగేది ఎక్కువ" అంటాడు. రెండో ఏడాది నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు దాటాలన్న సూత్రం వంటబడుతుంది. మూడో ఏడాది ఆఫీసు వాళ్ల ఫాంటసీ లీగులో చేరతాడు. ఆ ఆగస్టుకి పూర్తిస్థాయి మూడోవాడి భక్తుడై కూర్చుంటాడు. మొదటివాడి గురించి మాట్లాడితే అందరికీ తెలిసిందేగా అంటారు. మూడోవాడి గురించి మాట్లాడితే "అబ్బో, అన్నకి చాలా తెలుసు" అంటారు.

2023 ఆగస్టు ఇలాంటి వాళ్లకు పండగే. ఎలియట్‌ని మార్చిలో వదిలేశారు, అతని స్థానం పొలార్డ్‌కి వచ్చింది. వెనకాల ఖాళీ. ఆ ఖాళీలోకి డ్యూస్ వాన్ వచ్చాడు. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. టెక్సస్ కుర్రాడు, కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో 2022 సీజన్లో 1,558 యార్డులు పరిగెత్తాడు. వాళ్ల నాన్న క్రిస్ వాన్ కౌబాయ్స్‌లోనే స్కౌట్. ఆరో రౌండులో 212వ వాడిగా తీసుకునే ముందు జట్టువాళ్లు ఫోను నాన్న చేతికే ఇచ్చారు. వచ్చే వారం నాతోపాటు పనికొస్తావా అని కొడుకుని అడుగుతూ ఆయన గొంతు పూడుకుపోయింది. ఆ వీడియో చూసి కళ్లు తుడుచుకోనివాళ్లు తక్కువ. ఈ వ్యాసకర్త కూడా తుడుచుకున్నవాళ్లలోనే. అందుకే ఈ భక్తుణ్ణి మరీ కఠినంగా తిట్టలేం.

మొదటి ప్రీసీజన్ మ్యాచ్‌లో జాక్సన్‌విల్ మీద వాన్ గుంపులో దూరి, మాయమై, అవతల తేలి టచ్‌డౌన్ చేశాడు. ఫ్రిస్కోలో ఓ ఇంటి హాలు దద్దరిల్లింది.

"ఏవండీ, ఈ మ్యాచ్ లెక్కలోకి రాదన్నారుగా?"

"మ్యాచ్ రాదు. వాడొస్తాడు."

"ఎక్కడికి?"

వాళ్లావిడ నిజంగానే తెలియక అడిగింది. జవాబు మాత్రం రాలేదు, ఆయన ఫోనులో 42 నంబరు జెర్సీ ఆర్డరు పెట్టే పనిలో ఉన్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నది సామెత. మనవాడు సోమలింగం పేరు వీపు మీద అచ్చేయించుకుని పటేల్ బ్రదర్స్‌లో కూరగాయలు కూడా కొంటాడు.

సెప్టెంబరు వచ్చింది. వాన్‌కి బంతి ఎప్పుడిస్తారని భక్తుడి ఘోష. బంతి ఇవ్వడం తేలికే. చిక్కంతా బంతి ఇవ్వని ఆటల్లో ఉంది. మూడో డౌన్, అంటే మూడో ప్రయత్నం, ఇంకా ఎనిమిది యార్డులు కావాలి. క్వార్టర్‌బ్యాక్ విసరడానికి వెనక్కి జరుగుతాడు. అవతలి నుంచి వందకేజీలు దాటిన లైన్‌బ్యాకర్ సందు చూసుకుని ఉరికొస్తాడు. ఎటునుంచి వస్తాడో రెప్పపాటులో పసిగట్టి, అడ్డం పడి, ఛాతీతో ఆపాల్సింది రన్నింగ్ బ్యాకే. వాన్ బరువు 81 కేజీలు. వెనకాల నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ అప్పటి ఒప్పందం విలువ 16 కోట్ల డాలర్లు. ఏ కోచ్ అయినా ఈ రెండంకెలూ పక్కపక్కన రాసుకుని చూస్తే ఎవర్ని దించుతాడో చెప్పక్కర్లేదు. కాలేజీలో వేల యార్డులు పరిగెత్తిన కుర్రాళ్లు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ప్రీసీజన్లో ఇదెవరూ చూడరు, టీవీవాళ్లు రీప్లే కూడా వేయరు.

ఆ సీజన్ మొత్తమ్మీద వాన్ 23 సార్లు బంతి పట్టి 40 యార్డులు చేశాడు. భక్తుడు ముందు కోచ్‌ని తిట్టాడు, తర్వాత లైన్‌వాళ్లని, ఆ తర్వాత ఆటల వ్యూహం రాసేవాణ్ణి. థ్యాంక్స్‌గివింగ్ నాటికి ఆ ప్రస్తావనే ఆపేశాడు. జెర్సీ అల్మరాలో లోపలికి జరిగింది. 2025 సీజన్ మొదలయ్యేలోపు జట్టే అతన్ని వదులుకుంది.

ఇంతలో ఆ హాల్లో ఎవరూ పట్టించుకోనివాడు ఒకడున్నాడు. రీకో డౌడల్. 2020లో డ్రాఫ్ట్‌లో పేరు రాక, ఊరికే వచ్చి చేరినవాడు. ఆ ఏడాది కోవిడ్ మూలాన ప్రీసీజనే జరగలేదు. తనదంటూ ఒక ఆగస్టు లేకుండానే లీగులోకి వచ్చాడన్నమాట. తర్వాత గాయాలు. 2023లో వాన్ టచ్‌డౌన్‌కి ఊరు గెంతుతున్నప్పుడు డౌడల్ పొలార్డ్ వెనకాల నిలబడి, అడ్డం పడుతూ, అప్పుడప్పుడూ నాలుగు యార్డులు తెస్తూ ఉన్నాడు. భక్తుడి లెక్కలో అతను పాతసరుకు. మూడేళ్లుగా బెంచీ మీద కనిపిస్తున్నవాడిలో కొత్తగా కనిపెట్టడానికేముంటుంది? కనిపెట్టడానికి ఏమీ లేకపోతే భక్తుడికి పనేముంటుంది?

2024లో పొలార్డ్ వెళ్లిపోయాక అదే డౌడల్ 1,079 యార్డులు చేశాడు. జట్టు అతన్నీ నిలుపుకోలేదు, 2025లో కరోలినాకు పోయాడు. కౌబాయ్స్ ఆ ఏడు డ్రాఫ్ట్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ నుంచి జేడన్ బ్లూని ఐదో రౌండులో తెచ్చింది. సొంత రాష్ట్రం కుర్రాడు, మెరుపు కాళ్లు. సోఫా అంచుకు మళ్లీ గిరాకీ వచ్చింది.

ఆ అక్టోబరులో కౌబాయ్స్ కరోలినా వెళ్లింది. డౌడల్ పాత జట్టు మీద 183 యార్డులు పరిగెత్తి ఓడించాడు. ఫ్రిస్కో హాల్లో పెద్దమనిషి తల పట్టుకున్నాడు.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, డౌడల్‌ని వదులుకోవద్దని."

"ఎప్పుడన్నా అన్నావు?" అన్నాడు పక్కనున్న కుర్ర కొలీగు.

"నీకు గుర్తుండదులే తమ్ముడూ. అది సరే గానీ, ఈ కోచ్‌కి బుద్ధుందా అసలు? బ్లూకి బంతి ఎందుకివ్వడు?"