ఒక డెక్సా యంత్రం ఆత్మకథ

మనిషి ఒంట్లో ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంత అన్న లెక్కను వేరువేరుగా తీసి చూపే యంత్రాన్ని డెక్సా అంటారు. రెండు వేర్వేరు శక్తులు గల ఎక్స్ కిరణాలను శరీరం గుండా పంపినప్పుడు ఎముక, కండ, కొవ్వు వాటిని ఒకే తీరున అడ్డుకోవు గనుక, అవతలికి చేరిన కిరణాల్లోని తేడాను బట్టి ఏ చోట ఏది ఎంత ఉందో లెక్కకట్టవచ్చు; ఈ సూత్రం మీద పనిచేసే యంత్రాలు 1980ల చివర్లో మార్కెట్లోకి వచ్చాయి. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్నది ఆ వంశానికి చెందినదే, తెలుగునాట ఒక నగరంలోని స్కానింగ్ సెంటరులో పనిచేస్తున్నది. కొలిచే వస్తువుకు సొంత జీవితమంటూ పెద్దగా ఉండదు కాబట్టి, దీని ఆత్మకథ చాలావరకు దీని బల్ల మీద పడుకున్నవారి కథే.

ఈ యంత్రాన్ని తెప్పించింది ప్రధానంగా నెలసరి ఆగిపోయిన స్త్రీల ఎముకలు చూడడానికి. ప్రొస్టేట్ క్యాన్సరుకు హార్మోన్ చికిత్స తీసుకుంటున్న మగవారు రావడం తర్వాతి సంగతి. ప్రొస్టేట్ అనేది మూత్రాశయం కింద ఉండే గ్రంథి; అందులో పుట్టే క్యాన్సర్ పెరగడానికి టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ ఊతమిస్తుందని, దాన్ని తగ్గిస్తే క్యాన్సర్ కూడా తగ్గుముఖం పడుతుందని చికాగోలో చార్లెస్ హగిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ 1941లో చూపించారు; ఆ కృషికి హగిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. నెలకో మూడు నెలలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు మెదడు నుంచి వృషణాలకు అందే ఆదేశాన్ని ఆపి టెస్టోస్టెరాన్‌ను తగ్గిస్తాయి. ఖర్చు భరించలేనివారికి మన దేశంలో ఇప్పటికీ వృషణాలను తొలగించే ఆపరేషన్ చేస్తుంటారు. దారి ఏదైనా ఫలితం ఒకటే: కండను నిలబెట్టే, ఎముకను కాపాడే హార్మోన్ ఒంట్లో దాదాపు లేకుండా పోతుంది.

ఉదయం టెక్నీషియన్ మొదట ఒక నమూనా వెన్నుపూసను బల్ల మీద పెట్టి యంత్రం లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకుంటాడు, ఆ తర్వాతే పేషంటును పిలుస్తాడు. బెల్టు, జేబులో చిల్లర తీయించడం ఎక్కడైనా ఉన్నదే గానీ, ఇక్కడ మొలతాడు విషయం కూడా అడగాలి. దానికి కట్టిన వెండి తాయెత్తు నడుము వెన్నుపూసల మీదికి వస్తే అది కూడా ఎముక లెక్కలోకి చేరి లేని గట్టిదనం చూపిస్తుంది. పేషంటు వెల్లకిలా పడుకున్నాక మోకాళ్ల కింద దిమ్మ పెట్టి వెన్నును, పాదాలను లోపలికి తిప్పి కట్టి తుంటిని, చివరకు మొత్తం ఒంటిని చూస్తారు. దీనికయ్యే కిరణాల మోతాదు మామూలు ఛాతీ ఎక్స్‌రే కంటే తక్కువ.

గది మూలన ఉన్న తూకం యంత్రానికి, డెక్సాకు పొంతన కుదరనిది ఈ మొత్తం ఒంటి లెక్క దగ్గరే. చికిత్స మొదలై ఏడాది గడిచిన మనిషి రెండు కిలోలు పెరిగితే ఇంట్లోవాళ్లు ఒళ్లు చేశాడని, కోలుకుంటున్నాడని సంతోషిస్తారు, తూకం కూడా ఆ మాటకే వంత పాడుతుంది. అమెరికాలో 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 48 వారాల ఇంజెక్షన్ల తర్వాత సగటున బరువు 2.4 శాతం పెరిగింది, కానీ ఆ పెరుగుదల లోపల శరీరంలో కొవ్వు పాలు 9.4 శాతం హెచ్చి, కొవ్వు కాని కండభాగం 2.7 శాతం తరిగింది. కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించవలసి రావడం, మెట్లెక్కితే తొడలు లాగడం వంటివన్నీ ఆ తరుగుదల బయటికి కనిపించే తీరు. వాటిని వయసు మీద నెట్టేయడం, ఈ యంత్రం లెక్కల ప్రకారం, సగం మాత్రమే నిజం.

అందుకే డాక్టర్లు వ్యాయామం చేయమంటారు, పేషంట్లు వాకింగ్ చేస్తున్నామంటారు. వాకింగ్‌ను చిన్నచూపు చూడవలసిన పని లేదు; గుండెకు, ఊపిరితిత్తులకు, చక్కెర అదుపుకు దాని మేలు అందరికీ తెలిసిందే, పైగా ఈ చికిత్సలో మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరిగే అవకాశం ఉంది. అయితే కండ నిలవాలంటే దానికి బరువు తగలాలి. కెనడాలో 155 మంది మీద జరిపి 2003లో ప్రచురించిన పరిశోధనలో, వారానికి మూడుసార్లు చొప్పున 12 వారాలు బరువులతో వ్యాయామం చేసినవారికి నీరసం తగ్గింది, బలం పెరిగింది, ఒంటి కొలతలు మాత్రం మారలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో డేనియల్ గల్వావ్, రాబర్ట్ న్యూటన్‌ల బృందం 57 మందిని తీసుకొని బరువుల వ్యాయామానికి నడక, సైకిల్ వంటివి జోడించి, మార్పును డెక్సాతోనే కొలిచింది. 2010లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, హార్మోన్ లేని స్థితిలో కూడా 12 వారాల్లో కండ పెరిగింది. ఈ యంత్రం వంశంలో గొప్పగా చెప్పుకోదగ్గ లెక్క ఏదైనా ఉంటే అది ఇదే.

ఎముక అంత తేలిగ్గా మాట వినదు. దాని సాంద్రతను ఆరోగ్యవంతులైన యువకుల సగటుతో పోల్చి టీ స్కోర్ అనే అంకెగా చెబుతారు. అది మైనస్ 2.5కు గానీ అంతకంటే కిందికి గానీ దిగితే ఎముక గుల్లబారినట్టు లెక్క. వ్యాయామం వల్ల ఆ జారుడు కొంత నెమ్మదించవచ్చు గానీ ఆగుతుందన్న హామీ లేదు, అవసరమైనవారికి మందులు తప్పవు. రాత్రిళ్లు ఉన్నట్టుండి ఒళ్లంతా వేడెక్కి చెమటలు పట్టే బాధకు కూడా వ్యాయామం నమ్మదగ్గ మందు కాదు. ఆ రెండు ఆశలూ పెట్టుకొని మొదలుపెట్టినవారు నిరాశపడి మధ్యలో మానేయవచ్చు.

2019లో అంతర్జాతీయ నిపుణులు క్యాన్సర్ పేషంట్ల కోసం సిఫారసు చేసింది వారానికి మూడుసార్లు 30 నిమిషాల చొప్పున ఓ మోస్తరు ఆయాసం వచ్చే వ్యాయామం, దానితోపాటు వారానికి రెండుసార్లు బరువులతో కసరత్తు. దానికి జిమ్ లేకపోయినా సాగుతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు మోపి తోయడం, సాగే రబ్బరు పట్టీ లాగడం, తేలికయ్యాక మోత పెంచడం, ఇవి చాలు. క్యాన్సర్ ఎముకలకు పాకినవారు మాత్రం ఏ ఎముక మీద బరువు పడకూడదో తెలుసుకోకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. అలా జాగ్రత్తపడి ఆ చోటును తప్పించి చేయించిన వ్యాయామాలు వారికి కూడా మేలు చేశాయని పెర్త్ బృందమే తర్వాత చూపించింది.

ఈ బల్ల మీదికి చాలామంది వచ్చేది తుంటి విరిగాకనో, ఇంజెక్షన్లు మొదలై రెండు మూడేళ్లు గడిచాకనో. అప్పటికి పోల్చి చూడడానికి పాత కొలత ఉండదు. హార్మోన్ చికిత్స మొదలుపెడుతున్నవారు మొదటి ఇంజెక్షన్ నాడే ఎముకల స్కాన్ రాయమని, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపమని డాక్టరును అడగాలి.